నిద్రగన్నేరు కింద తాడు

జూన్ 3

వదినగారికి,

మీ ఉత్తరం అందింది. కవరు మీద చిరునామా చూసి మా వార్డెన్ అదేదో దుకాణం ప్రకటన అనుకుందట. బోర్డులు రాసే చెయ్యి కదా మీది, దాచినా దాగదు.

నాలుగు పేజీలు రాశారు గాని నేను మొదటి పేజీలోని 'మేము' దగ్గరే ఆగిపోయాను. మేము ఆసుపత్రి నిద్రగన్నేరు పని ఒప్పుకున్నాం. మేము పొద్దున్నే వెళ్ళి చెట్టు చూసొచ్చాం. పెళ్ళయి ఏడాది తిరగలేదు, చెట్లెక్కి వాటిని బాగుచేసే అన్నయ్య పని అప్పుడే మీ ఇద్దరి పని అయిపోయింది. సంతోషం. కాలేజీలో చేరినప్పటి నుంచి ఈ మొక్కల బడికి వచ్చేదాకా నా సెలవు రోజులన్నీ వాడి తాడు పట్టుకునే గడిచాయి. వాడు పైన, నేను కింద. ఇప్పుడు మీరు బోర్డులు మానేసి రోజూ వాడితో వెళ్తున్నానని రాశారంటే ఆ తాడు ఎవరి చేతిలో ఉందో నేను వేరే అడగక్కర్లేదు.

ఒక్క మాట మాత్రం చెప్పనివ్వండి. తాడు పట్టడమంటే నిలబడి పట్టుకోవడం కాదు. పైనున్న మనిషి పాదం ఎటు కదలబోతుందో అది కదలకముందే తెలియాలి. అన్నయ్య పైనుంచి అరవడు. రెండుసార్లు లాగితే మంచినీళ్ళు, ఒక్కసారి గట్టిగా లాగితే ఆపమని. ఇవి వాడు నాకు నేర్పలేదు, మా మధ్య వాటంతట అవే వచ్చాయి.

ఆ చెట్టు నేనెరుగుదును. ప్రసూతి ఆసుపత్రి వెనక వాకిట్లో, ఒకే మొదలు నుంచి రెండు మానులు. ఒకటి వార్డు కప్పు మీదకి వాలింది, ఇంకొకటి సైకిలు స్టాండు మీదకి. రెండూ విడిపోయే పంగలో బెరడు ఇరుక్కుపోయి ఉంటుంది. చూడ్డానికి అతుక్కున్నట్టే ఉంటాయి, లోపల ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి. పైన రెండు మానులకీ బోల్టులు దించి, మధ్యలో ఉక్కుతాడు కట్టి, గాలికి మరీ దూరం పోకుండా పట్టి ఉంచాలని అన్నయ్యా నేనూ ఎన్నాళ్ళ నుంచో అనుకుంటున్నాం. అనుకున్నది మేము. ఈ 'మేము' వేరు.

జూలైలో మాకు సెలవులు. నేను వచ్చేదాకా ఆ చెట్టు మీద చెయ్యి వెయ్యొద్దని వాడికి చెప్పండి. ఫోన్ చేద్దామంటే వార్డెన్ గదిలోంచి చెయ్యాలి, ఆవిడ రిజిస్టరు తిరగేస్తున్నట్టు నటిస్తూ ప్రతి మాటా వింటుంది. అన్నయ్య ఎలాగూ ఉత్తరం రాయడు.

ఇంకొకటి. నన్ను 'ఉడుతా' అనకండి. ఆ పేరు పెట్టింది అన్నయ్య.

మీ ఆడపడుచు


జూన్ 12

అమ్మాయికి,

'ఉడుత' వద్దన్నావు. పేరు పెట్టి రాస్తే స్కూలు హాజరు పట్టీలా ఉంది. అందుకే 'అమ్మాయి'. నచ్చకపోతే ఇది కూడా కొట్టెయ్.

నువ్వు రాసింది మీ అన్నయ్యకి చదివి వినిపించాను. మంచినీళ్ళ సంగతి విని నవ్వారు. జూలైలో రావద్దంటున్నారు. సెలవుల్లో మీ బడివాళ్ళు పాత తోటలు చూపించడానికి తీసుకెళ్తారటగా, అది పోగొట్టుకోకూడదంటారు. పని కూడా ఆగేలా లేదు. పంగ దగ్గర చీలికలో ఇప్పుడు నా అరచెయ్యి నిలువునా దూరుతోంది. పెద్ద డాక్టరమ్మ రోజూ కిటికీలోంచి చూస్తుంది. వానలు ముదిరేలోగా పట్టు వేస్తారా, రంపంవాళ్ళని పిలవనా అని అడిగింది. ఆవిడ తప్పేమీ లేదు, ఆ మాను పడితే పడేది బాలింతల మీద.

ఆ చెట్టు కింద కూర్చునేవాళ్ళని చూస్తే నీకు ముచ్చటేస్తుంది. లోపల ఎవరి బిడ్డ ఏడ్చినా బయట అందరూ ఒకేసారి లేస్తారు. మనవాళ్ళ ఏడుపు కాదని తెలిశాక మళ్ళీ అందరూ ఒకేసారి కూర్చుంటారు.

నీతో ఒక పనుంది. బోల్టు దించేముందు కొయ్య సుత్తితో మాను మీద కొట్టి విని, గట్టి కొయ్య ఎక్కడుందో, డొల్ల ఎక్కడుందో తెలుసుకోవాలి కదా. డొల్ల చప్పుడు ఎలా ఉంటుంది? నీకు ఆ చెవి ఉందని మీ అన్నయ్య అంటారు. మాటల్లో పెట్టి రాయగలవా? తొందరగా రాయి.

వదిన


జూన్ 20

వదినగారికి,

నవ్వొచ్చింది. మా అన్నయ్య చెవి ఇంట్లో పెట్టుకుని, డొల్ల చప్పుడెలా ఉంటుందో బస్సుకి ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న నన్ను అడుగుతున్నారు. వాడు ఒక్క దెబ్బ కొట్టి లోపల ఎంత మేర పోయిందో చెప్తాడు. పక్కనే నిలబడి వినండి. తాడు నేర్చుకున్నవారు అదీ నేర్చుకుంటారు. అయినా అది రాస్తే వచ్చేది కాదు.

జూలైలో రావద్దన్నది అన్నయ్యేనా? వాడు అలాంటి మాట ఎప్పుడూ అనలేదు. పరీక్షల ముందు కూడా "పుస్తకం చెట్టు కింద చదువుకోవచ్చులే, రా" అనేవాడు. మీ ద్వారా వచ్చే మాటలు మాత్రం బాగా ఇస్త్రీ చేసి వస్తున్నాయి.

ఇక్కడ మాకు పట్టు వేయడం గురించి పాఠాలు మొదలయ్యాయి. మాస్టారు బల్ల మీద గీసి చూపిస్తారు. కొమ్మ చుట్టూ తీగ బిగించి కడితే చెట్టు లావెక్కేకొద్దీ అది మెడకి ఉరి అవుతుంది కాబట్టి కొయ్యలోంచి బోల్టు దూర్చాలని చెప్పారు. ఉక్కుతాడు లాగి బిగించకూడదని, కొంచెం ఆడనిస్తేనే చెట్టు తన బలం తాను పెంచుకుంటుందని చెప్పారు. ఇవన్నీ నాకు ముందే తెలుసని చెప్పుకోవడానికి చెయ్యెత్తాను. ఎవరు నేర్పారని అడిగారు. మా అన్నయ్య అన్నాను. క్లాసులో ఒకమ్మాయి, "మరి మీ అన్నయ్య దగ్గరే ఉండకపోయావా" అంది. దానికి జవాబు మీ దగ్గరుంది.

మొన్న కలలో అన్నయ్య పైనుంచి రెండుసార్లు తాడు లాగాడు. నీళ్ళు పట్టుకెళ్ళింది మీరు. మిమ్మల్ని కలలో కూడా ఆపలేకపోయాను.

మీ పనులు చక్కగా సాగాలని కోరుకుంటూ,
ఆడపడుచు


జూలై 2

అమ్మాయీ,

ఈసారి మర్యాదలు లేవు.

నిన్న వార్డువైపు మానులో బోల్టు కోసం చిల్లు వేసే బర్మా తిప్పాను. పల్చటి తెల్ల చుట్టలు రావాలి కదా, కాచి పారేసిన టీపొడిలా నల్లగా, తడిగా వచ్చింది. కింద పడ్డ పొడి మీ అన్నయ్య వేళ్ళతో నలిపి చేతులు దులిపేసుకున్నారు. ఆ కొయ్యలో బోల్టు నిలవదు. ఉన్న గాయాలు చాలక, ముసలి చెట్టుకి నేనొక చిల్లు పెట్టాను. డాక్టరమ్మ కిటికీలోంచి అంతా చూసింది. నెలాఖరుకి రంపంవాళ్ళకి కబురు పెట్టేసింది.

అవును, తిప్పింది నేను. నీకు చెప్పనని మీ అన్నయ్యకి మాటిచ్చాను, ఆ మాట ఈ కాగితం మీద తప్పుతున్నాను. ఎండాకాలం మొదట్లో ఆయనకి జ్వరం వచ్చి తగ్గింది గాని ఎడమ చెవి పోయింది. దాంతో పాటు తల తిరుగుడు. నేల మీద చూస్తూ నడిస్తే ఫర్వాలేదు, తలెత్తితే మొత్తం గిర్రున తిరుగుతుంది. పేపరు చదవాలన్నా అక్షరాలు ఈదుతాయట. చెవి డాక్టరు తిరుగుడు తగ్గచ్చు, వినికిడి రాదు అన్నాడు. ఇది తెలిస్తే నువ్వు చదువు వదిలేసి వచ్చేస్తావని, నీకు చెప్తే ఊరుకోనని అన్నారు.

ఒప్పుకున్న పనులు ఉన్నాయి. నేను పదేళ్ళు గోడలకీ హోర్డింగులకీ వేలాడి అక్షరాలు రాసినదాన్ని. ఎక్కుతానన్నాను. తాడు నా చేతిలో లేదమ్మాయీ, నా నడుముకి ఉంది. పట్టుకునేది ఆయన. తలెత్తలేరు కాబట్టి నేల చూస్తూ పట్టుకుంటారు. నేనెక్కడ ఉన్నానో తాడు బరువుని బట్టి ఊహించుకుంటారు. సుత్తి దెబ్బ వినడానికి నాకు చెవి లేదు, ఆయనకి ఉన్నది పోయింది, మిగిలిన ఒక్క చెవికి చప్పుడు ఎటు నుంచో తెలియదట. అందుకని నిన్నడిగాను. నువ్వు నవ్వొచ్చిందని రాశావు.

నీకు నా మీద కుళ్ళు అని తెలుసు. నాకు నీ మీద ఎంత ఉందో నీకు తెలియదు. పైన నేను రెండు చేతులా కొమ్మ పట్టుకుని ఉంటే కింద నుంచి వచ్చేది ఒకే మాట: "ఉడుత అయితే ఆ కొమ్మ మీద నడిచేది." పొద్దున ఉడుత, మధ్యాహ్నం ఉడుత. పక్క వీధిలో వేపచెట్టు కొమ్మలు కొట్టి తేలిక చేసి దిగితే, "ఉడుత ఇంకా తొందరగా దిగేది" అన్నారు. ఆ పేరుతో నిన్ను పిలిచింది చనువుతో కాదు. రోజంతా వినీ వినీ నోటికి పట్టేసింది.

వదిన


జూలై 7

వదినా,

ఉత్తరం చదివి చాలాసేపు మొక్కల మధ్య తిరిగాను. అన్నయ్య చెవి గురించి రాయడం నాకు చేత కాదు, ఎదురుగా వచ్చి మాట్లాడతాను. మీ మీద కోపం పోయిందనుకున్నారేమో. పోలేదు. ఇంకో మెట్టెక్కింది.

నన్ను వాడు ఏ పెద్ద చెట్టునీ పంగ దాటి ఎక్కనివ్వలేదు. "ఇంకొక్క అడుగు వేశావంటే దించి ఇంటికి పంపిస్తా" అనేవాడు. ఉడుత అన్న పేరు కూడా చిన్నప్పుడు నేను గోడలెక్కితే తిడుతూ పెట్టిందే. నేను కొమ్మల మీద నడిచేదాన్నని మీకు చెప్పాడా? ఎప్పుడు నడిచాను? నాకు ఒక్క రోజు కూడా ఇవ్వని కొమ్మని మీకిచ్చి, నేనెప్పుడూ నడవని నడక మీ ముందు పొగుడుతున్నాడు. మనిద్దరిలో ఎవరు ఎక్కువ ఏడవాలో మీరే చెప్పండి.

సరే, చప్పుడు. గట్టి కొయ్య మీద కొడితే సుత్తి మీ చేతిలోకే తిరిగి వస్తుంది. చప్పుడు పొట్టిగా ఉంటుంది, మంచి తలుపు గడియ పడ్డట్టు. డొల్ల అనగానే అందరూ ఖాళీ డబ్బా మోత కోసం వింటారు. అంత మోత వచ్చిందంటే ఇక వినాల్సిన పనే లేదు, అప్పటికే అంతా పోయినట్టు. జాగ్రత్తగా వినాల్సింది దానికి ముందు రకం. పక్క గదిలో ఎవరో దగ్గినట్టు ఉంటుంది. మీరు కొట్టిన చోట నుంచి రాదు, కొంచెం అవతల నుంచి, కొంచెం ఆగి వస్తుంది. సుత్తి కూడా చేతికి తిరిగి రాదు, అక్కడే ఆగిపోతుంది.

చదివారు కదా. అర్థం కాలేదు కదా. నాకు తెలుసు. శనివారం బస్సుకి వస్తున్నాను. పాత తోటల ప్రయాణానికి నా పేరు కొట్టించేశాను. రంపంవాళ్ళకి కబురు పెట్టిన డాక్టరమ్మని అప్పటిదాకా ఎలాగోలా ఆపండి. నేను రావచ్చా అని అన్నయ్యని అడగొద్దు, వస్తున్నానని చెప్పండి చాలు.

ఆడపడుచు


జూలై 18

వదినకి,

క్షేమంగా చేరాను. బస్సులో పక్క సీటావిడ నా భుజం మీదే నిద్రపోయింది. నా తువ్వాలు మీ ఇంట్లో తీగ మీద మర్చిపోయాను, వాడుకోండి.

గాలివాన వస్తే మనం కట్టిన ఉక్కుతాడుతో చెట్టు ఎలా ఆడిందో రాయండి. ఇంకేమీ రాయాలని లేదు.

ఆడపడుచు


జూలై 30

అమ్మాయీ,

నీ తువ్వాలు ఉతికి మడతపెట్టి ఉంచాను. గాలివాన వచ్చింది. ముందు అది రాస్తాను.

మంగళవారం మధ్యాహ్నం పట్టపగలే చీకటి కమ్మింది. నేను గొడుగు వేసుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. డాక్టరమ్మ వార్డులోని మంచాలన్నీ అవతలి గోడకి జరిపించి వరండాలో నిలబడి ఉంది. గాలి కొట్టినప్పుడల్లా రెండు మానులూ ఎడంగా పోతున్నాయి, ఉక్కుతాడు బిగుతుగా సాగుతోంది, ఆగుతోంది, మళ్ళీ మెల్లగా వదులవుతోంది. చిన్న కొమ్మలు చాలా విరిగాయి. పంగ విచ్చుకోలేదు. వాన తగ్గాక నేను నిచ్చెన వేసి చెయ్యి పెట్టి చూశాను, మొన్నటి మేరే. డాక్టరమ్మ రంపంవాళ్ళని వద్దని, ఏటా ఒకసారి ఎక్కి బోల్టులు చూడాలని కాగితం రాసిచ్చింది. నువ్వు సుత్తితో కొట్టి వెతికిన చోటే బోల్టు నిలిచింది. నేను చిల్లు పెట్టిన చోటికి రెండడుగులు పైన. నీ చెవికి నేను దణ్ణం పెడతాను, ఇందులో ఎగతాళి లేదు.

ఇక రెండోది. భోజనాల దగ్గర మీ అన్నయ్య చాలా మామూలుగా అన్నారు: వచ్చే ఏడు నీ చదువు అయిపోతుంది, అప్పటి నుంచి పై పని నువ్వు చూసుకుంటావు, అప్పటిదాకా పెద్ద చెట్లు ఒప్పుకోవద్దు, నన్ను మళ్ళీ బోర్డుల పనికి వెళ్ళమన్నారు. ఎందుకని అడిగాను. ఆయన అన్నది అన్నట్టే రాస్తున్నాను.

"బస్టాపులో ఉడుతని అడిగాను, వదిన పైన ఎలా నడుస్తోందని. పరవాలేదంది. ఆ ఎత్తులో పరవాలేదంటే చాలదు. పరవాలేదన్నవాళ్ళే పడతారు. నేను తలెత్తి చూసుకోలేను, ఇంక దాని మాటే నాకు చూపు."

ఆయన నా మీద కోపంతో అనలేదు. భయంతో అన్నారు. అదే నన్ను చంపేస్తోంది. కోపమైతే పోట్లాడి ఉండేదాన్ని.

పదేళ్ళు నేను ఇతరుల పేర్లు రాశాను. వాళ్ళ దుకాణాలు, వాళ్ళ బళ్ళు, వాళ్ళ పాలడైరీలు. కిందకి దిగి చూసుకుంటే అందులో నాదంటూ ఒక్క అక్షరం ఉండేది కాదు. ఈ పనిలో మొదటిసారి నాకు పొద్దున్నే లేవాలనిపించింది. నీకు రాయమని మీ అన్నయ్య చెప్పింది రాశాను: చదువు అయ్యాక వచ్చి పై పని తీసుకో. ఇప్పుడు నేను చెప్పేది. రాకు. నీకు అంత చదువుంది, ఎక్కడైనా పని దొరుకుతుంది. ఇలా అడగడం తప్పే. అడుగుతున్నాను.

నువ్వు చూసింది పరవాలేదన్నంతే అయితే మాత్రం నా మాట వదిలెయ్. కింద నిలబడి చూసినదానివి నువ్వే.

వదిన


ఆగస్టు 6

వదినా,

మీ ఉత్తరం వచ్చి మూడు రోజులైంది. మొదటి రోజు ఎగిరి గంతేశాను. దాచుకోను, నిజంగానే వార్డెన్ గది ముందు గంతేశాను. పై పని నాది. కాలేజీ రోజుల నుంచి నేను కోరుకున్నది అదొక్కటే. మర్నాడు క్లాసులో మాస్టారు ఎవరిదో తప్పు పనిని "పరవాలేదు" అన్నారు. ఆ పూటే ఈ కాగితం తీశాను.

కింద రాసేది మీకు కాదు. అన్నయ్యని కూర్చోబెట్టి, కుడి చెవివైపు కూర్చుని, గట్టిగా చదవండి. అక్షరాలు ఈదుతాయంటారు కాబట్టి మీరే చదవాలి. మీ గురించే కాబట్టి మధ్యలో సిగ్గుపడి వాక్యాలు మింగుతారని తెలుసు. మింగితే మళ్ళీ మొదటి నుంచి చదవండి. ఇక మొదలు.

అన్నయ్యా,

బోల్టులు దించిన రోజు నువ్వు చెట్టుకి వీపు పెట్టి, ఆసుపత్రి గోడకేసి చూస్తూ బెంచీ మీద కూర్చున్నావు. నేను తాడు పట్టాను. నాకు చూడాలని లేదు. వదిన కాస్త తడబడితే బాగుండునని ఉంది. కాని తాడు పట్టినవాళ్ళు చూడక తప్పదు, అది నువ్వు నేర్పిందే. కాబట్టి మొత్తం చూశాను.

వదిన చెప్పులు పంగ దగ్గర వదిలేసింది. వార్డువైపు పెద్దకొమ్మ మీదకి నిటారుగా పోలేదు, పక్కవాటుగా పోయింది, మడమ కొమ్మ నడుమ మీద, వేళ్ళు అవతలి వాలు మీద. నువ్వు ప్రతి అడుగుకీ కొమ్మ ఊగడం ఆగేదాకా ఆగేవాడివి, గుర్తుందా. వదిన ఆగలేదు. కొమ్మ పైకి లేచేటప్పుడు కాలెత్తింది, దిగేటప్పుడు దించింది. ఆ ఊపుతోనే నడిచింది. బెరడు ముడతలు పడి, ఇక ముందుకి కొమ్మ బరువు మొయ్యదని తెలిసే చోట ఆగింది, నేను కింద నుంచి చెప్పకముందే. చీపురుపుల్లంత చివుర్లు ఉన్న చోట చెయ్యి పెట్టలేదు, ఒక్కటీ విరగలేదు. బర్మా తిప్పేటప్పుడు ఒళ్ళంతా కదలకుండా భుజం ఒక్కటే తిరిగింది. తెల్లటి చుట్టలు నా నెత్తి మీద పడుతుంటే కిందకి చూసి నవ్వింది. నేను నవ్వలేదు.

నువ్వు బెంచీ మీద నుంచి "ఉడుత అయితే ఆ కొమ్మ మీద నడిచేది" అన్నావు. నాతోనే అన్నావు, నేను కింద ఉండగా. నేను ఆ కొమ్మ మీద నడవలేను అన్నయ్యా. అంతకుముందు సుత్తి పట్టుకుని పంగ దాటి రెండడుగులు పైకి వెళ్ళేసరికే మానుని వాటేసుకుని ఉండిపోయాను. వదిన వీపు ఆనించి, సుత్తి కొట్టడం అయ్యేదాకా నిలబెట్టింది, కిందికి వచ్చాక ఎవరికీ చెప్పలేదు. నీకూ చెప్పలేదని ఇప్పుడు తెలుస్తోంది.

నీకు తాడు గురించి చెప్తే నమ్ముతావు. నువ్వు ఎక్కిన రోజుల్లో, నువ్వు ఎంత గొప్పవాడివైనా, ఎక్కడో ఒకచోట కాలు జారేది, తాడు బిగుసుకునేది, నా అరచేతుల్లో ఎర్రటి గీతలు పడేవి. ఇంటికొచ్చి అమ్మకి కనబడకుండా దాచుకునేదాన్ని. వదిన ఎక్కినంతసేపూ తాడు నా చేతిలో వదులుగానే ఉంది. ఒక్కసారి కూడా నా అవసరం రాలేదు. బస్టాపులో నువ్వు అడిగినప్పుడు నేను చేతులు చూసుకున్నాను. ఒక్క గీత లేదు. అది చూసి ఓర్వలేక పరవాలేదన్నాను.

ఆమెని దింపకు. చదువు అయ్యాక నేను వస్తాను, రావద్దని ఆమె రాసినా వస్తాను. సుత్తి పని నాకివ్వు. పై పని అడగను. తాడు కూడా నాకే ఇవ్వాలి, అది మాత్రం ఎవరికీ వదలను. ఇదంతా ప్రేమతో రాశాననుకోవద్దని ఆమెకి చెప్పు. కుళ్ళుకుంటూనే రాశాను, రేపు పోస్టులో వేసేదాకా చింపకుండా ఉంటే గొప్పే.

ఉడుత